పాస్‌కీ బరువెంత?

ప్రమాణ పరిరక్షణ శాఖ ఎక్కడుందని అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. తక్కెళ్ళాఫీసు అంటే మాత్రం ఏ ఆటోవాడైనా తీసుకెళ్ళి గుమ్మంలో దింపుతాడు. కూరగాయల కొట్టు కాటా దగ్గర్నుంచి పెట్రోలు బంకు పంపు దాకా, తూచేదీ కొలిచేదీ ఏదైనా సరే, ఏడాదికోసారి ఆ ఆఫీసు చేత ముద్ర వేయించుకోవాల్సిందే. అక్కడ పనిచేసేవాళ్ళకి ఒకటే నమ్మకం: బరువుంటే ఉన్నట్టు, బరువు లేకపోతే లేనట్టు. చుట్టాలింట్లో లడ్డూ చేతిలో పెడితే, నోట్లో వేసుకునే ముందు ఒకసారి ఎగరేసి చూసుకునే జాతి అది.

ఆ ఆఫీసు సూపరింటెండెంటు యర్రమిల్లి సోమసుందరం ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. రిటైరయ్యేవాళ్ళు మామూలుగా మొహం వేలాడేసుకుని తిరుగుతారు. సోమసుందరం మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నాడు. దానికి కారణం అతని భార్య హైమవతి.

హైమవతి నది అవతల నెమలిపేట అనే ఊళ్ళో హెడ్మాస్టరమ్మ. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇద్దరివీ చెరో ఊళ్ళో ఉద్యోగాలు. భార్యాభర్తల్ని ఒకే చోట వేయాలని ఒక మంచి నిబంధన ఉంది. ఆ నిబంధన ప్రకారం ఆ మధ్య సోమసుందరాన్ని ఆవిడ ఊరికి బదిలీ చేశారు. అదే నిబంధన ప్రకారం అదే వారం ఆవిడని ఇతని ఊరికి బదిలీ చేశారు. ఇదేమిటని అర్జీ పెట్టుకుంటే, పొరపాటు జరిగిందని ఒప్పుకుని ఇద్దర్నీ ఎక్కడివాళ్ళని అక్కడికి పంపేశారు. ఆ తర్వాత మళ్ళీ అర్జీ పెట్టే సాహసం ఇద్దరూ చేయలేదు. శనివారం సాయంత్రం బస్సు, ఆదివారం భోజనం, సోమవారం తెల్లారి మళ్ళీ బస్సు. అలా గడిచిపోయింది సంసారం. హైమవతి ఎదురుగా కూర్చుని, గడియారం వంక చూడకుండా, రోజూ కడుపునిండా అన్నం తినాలి. సోమసుందరానికి ఇంతకు మించి కోరికలేమీ లేవు.

సరిగ్గా ఆ నెలలోనే హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు దిగింది.

ఉద్యోగులు పాస్‌వర్డులు చీటీల మీద రాసి కంప్యూటర్లకి అంటిస్తున్నారని, రెండేళ్ళ కిందట శాఖ మొత్తానికి పాస్‌కీలు పెట్టారు. పాస్‌కీ అంటే గుర్తుపెట్టుకోవలసిన మాట కాదు. ఫోనులో ఒక పెట్టెలాంటి యాప్‌లో దాక్కుని ఉండే రహస్యం. ఫోను మీద వేలు పెడితే అదే వెళ్ళి పోర్టలు తలుపు తీస్తుంది. దాన్ని ఎవరూ చూడలేరు, ఆఖరికి సొంతదారు కూడా. శాఖ పాస్‌కీలన్నీ ఇన్నాళ్ళూ ‘తాళాలగుత్తి’ అనే కంపెనీ యాప్‌లో ఉండేవి. ఇప్పుడు టెండరు ‘ఇనప్పెట్టె’ అనే కంపెనీకి దక్కింది. కాబట్టి పాస్‌కీలన్నిటినీ గుత్తిలోంచి పెట్టెలోకి మార్చాలి. జిల్లా ఆఫీసు పాస్‌కీలకి సంరక్షకుడు సోమసుందరం. శాఖలో ఇంకో నిబంధన ఉంది: తన అధీనంలో ఉన్న ప్రతి వస్తువునూ తూచి అప్పగిస్తే గాని ఏ ఉద్యోగినీ విడుదల చేయరాదు.

ఇనప్పెట్టె కంపెనీ నుంచి చైత్ర అనే అమ్మాయి కొత్త ఫోను పట్టుకుని వచ్చింది. పాత ఫోనూ కొత్త ఫోనూ పక్కపక్కన పెట్టించింది.

“సార్, ఇందులో ‘పంపు’ నొక్కండి. అందులో ‘తీసుకో’ నొక్కండి. ఇప్పుడు వేలు పెట్టండి.”

సోమసుందరం వేలు పెట్టాడు.

“అయిపోయింది సార్.”

“అదేంటమ్మా, కాఫీ కూడా రాలేదింకా! ఆ కంపెనీవాళ్ళు ఒప్పుకుంటారా మరి?”

“ఇదివరకు ఒప్పుకునేవాళ్ళు కాదు సార్. ఎవరి యాప్‌లో పాస్‌కీలు వాళ్ళ దగ్గరే ఉండిపోయేవి. ఈ మధ్యే అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. దారిలో ఎవరూ చూడకుండా మూటకట్టి ఒకళ్ళు పంపిస్తారు, ఇంకొకళ్ళు అందుకుంటారు.”

ఆ అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి దీవించినంత పనిచేశాడు సోమసుందరం. అప్పగింత కాగితం పట్టుకుని డిప్యూటీ కంట్రోలరు త్రినాథరావుగారి గదిలోకి దాదాపు పరుగెత్తాడు.

త్రినాథరావుగారు కాగితం ఆసాంతం చదివారు. ఆయన మామూలు మాటలు ఇంట్లో వదిలేసి ఆఫీసుకొస్తారు.

“సదరు పాస్‌కీలు పాత ఫోనును విడిచినవా?”

వెనకాలే వచ్చిన చైత్ర జవాబు చెప్పింది. “చెరిపేసేదాకా రెండు చోట్లా ఉంటాయి సార్.”

త్రినాథరావుగారు కుర్చీలోంచి లేచారు. “ఇచ్చిన తదుపరి కూడా ఇచ్చినవాని వద్దనే నిలిచియుండు వస్తువును నా సర్వీసులో ఎరుగను.”

“చదువు అలాంటిదే కదా సార్?”

“చదువు మన స్టాకులో లేదమ్మా.”

పాత ఫోనులోవి ఆయన ఎదురుగానే చెరిపేసింది చైత్ర. త్రినాథరావుగారు కుదుటపడి కూర్చుని, కాగితంలో ఖాళీగా ఉన్న గడి మీద పెన్ను ఆనించారు.

“బరువు?”

“దేనికండి?” అన్నాడు సోమసుందరం.

“తరలింపునకు ముందు పాత ఫోను బరువు, తరలింపు అనంతరం పాత ఫోను బరువు, రెంటికీ గల వ్యత్యాసము. ఆ వ్యత్యాసమే గదా మనము అప్పగించిన సరుకు!”

సోమసుందరానికి ఆ మాట వింతగా అనిపించలేదు. అతనూ ఆ ఆఫీసులో ముసలైనవాడే. ముందు బరువు తీసుకోవడం మర్చిపోయానే అని నాలిక్కరుచుకున్నాడు. చైత్ర ఒక్కతే నోరు తెరుచుకుని నిలబడింది.

ముందు బరువు లేదు కాబట్టి జరిగిన తరలింపు చెల్లదు. పాస్‌కీలని వెనక్కి రప్పించారు. బంగారం కొట్ల తూకాలు సరిచూసే ప్రామాణిక త్రాసు గాజు గదిలో ఉంటుంది. ఫ్యాను గాలి తగిలినా అది ఊగుతుంది. ఫ్యాన్లు ఆపించారు. దగ్గున్న టైపిస్టుని బయటికి పంపించారు. పాత ఫోనుని తూచారు. రెండు వందల ఒక గ్రాము, మూడు వందల నలభై మిల్లీగ్రాములు. పాస్‌కీలని మళ్ళీ పంపించారు, మళ్ళీ చెరిపేశారు, మళ్ళీ తూచారు.

రెండు వందల ఒక గ్రాము, మూడు వందల నలభై మిల్లీగ్రాములు.

“తరుగు శూన్యము,” అన్నారు త్రినాథరావుగారు. “అనగా పాస్‌కీలు కదలలేదు.”

అప్పుడే ఒక పెట్రోలు బంకు యజమాని ముద్ర కోసం వచ్చాడు. సోమసుందరం కొత్త ఫోను మీద వేలు పెట్టాడు. పోర్టలు ఠక్కున తెరుచుకుంది. ముద్ర పడింది. బంకాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

“చూశారా సార్! పనిచేస్తోంది. అందులో ఉంటేనే కదా సార్ పనిచేసేది!”

“పనిచేయుట వేరు, ఉండుట వేరు సోమసుందరంగారూ. మన కార్యాలయంలో పనిచేయకుండా ఉన్నవారు లేరా? అట్లే ఉండకుండా పనిచేయునవి కూడా ఉండవచ్చును.”

సోమసుందరం గాజు గోడలోంచి హాల్లోకి చూశాడు. అతనికి ఎదురుగానే, ఉండి పనిచేయనివాళ్ళు నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు.

మర్నాడు మళ్ళీ తూచారు. ఈసారి పాత ఫోను ఎనిమిది మిల్లీగ్రాములు పెరిగింది. ఎందుకు పెరిగిందో సోమసుందరానికి తెలుసు. మెస్సు కేరియరులో ఆవకాయ వచ్చింది. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా ఫోను పట్టుకున్నాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాడు. త్రినాథరావుగారు మాత్రం హడలిపోయి హెడ్డాఫీసుకి అర్జెంటు నివేదిక పంపారు: పాస్‌కీలు బయటికి వెళ్ళకపోగా, గుర్తుతెలియని పాస్‌కీలు కొన్ని లోనికి ప్రవేశించినవి, మార్గదర్శనం కోరడమైనది.

మార్గదర్శనం జీపులో వచ్చింది. ఆయన పేరు అహోబలపతి, జాయింటు కంట్రోలరు. గోదాములో బియ్యం బస్తా నిలవుంటే ఎంత తరుగుతుందో పరిశోధించి డాక్టరేటు తీసుకున్న మనిషి. చైత్ర ఆయనకి కూడా ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పాస్‌కీ ఒక పెద్ద అంకెలాంటిదని, అంకెలకి బరువుండదని.

అహోబలపతిగారు జాలిగా నవ్వారు. “చూడమ్మాయీ. ప్రభుత్వం టెండరు పిలిచి, పోటీ పెట్టి, పరిశీలించి తీసుకున్న వస్తువు. దానికి బరువు లేదనడం ప్రభుత్వాన్ని తేలిక చేయడం. బరువు ఉన్నది. మన తరలింపులోనే లోపమున్నది.”

వెళుతూ వెళుతూ ఆయన ఒక ఉత్తర్వు ఇచ్చారు. పాత ఫోను తరగాలి, కొత్త ఫోను అంతే పెరగాలి. అక్కడ తగ్గినదీ ఇక్కడ పెరిగినదీ సమానమైనప్పుడే వస్తువు చేరినట్టు. అంతవరకూ సంరక్షకుని పదవీ విరమణను ప్రజాప్రయోజనాల దృష్ట్యా నిలుపుదల చేయడమైనది. సంరక్షకుడు పాస్‌కీలను విడిచి ఊరు దాటరాదు.

నెలాఖరు వచ్చింది, వెళ్ళిపోయింది. శనివారం బస్సు సోమసుందరం లేకుండానే వెళ్ళింది. పై శనివారమూ అంతే. హైమవతి ఫోను చేసింది.

“ఏవండీ, ఎప్పుడొస్తున్నారు?”

“ఫోను బరువు తగ్గాక.”

“ఎవరి ఫోను?”

అతను అంతా చెప్పాడు.

“కొత్త కంచం కొన్నానండీ,” అందావిడ. “మీ పాతది సొట్టపోయిందని. రోజూ రెండు కంచాలూ తీస్తున్నాను, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. మీ గొంతు నీరసంగా ఉందేంటి? ఆ మెస్సువాడు అన్నం పెడుతున్నాడా, గంజి పోస్తున్నాడా?”

సోమసుందరానికి ఉద్యోగంలో చేరాక మొదటిసారి కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ సంతకం పెట్టమన్న చోట పెట్టాడు, ఆగమన్న చోట ఆగాడు. ఆవిడ తీసి లోపల పెట్టేసిన ఆ కంచం మాత్రం కళ్ళముందు నుంచి కదల్లేదు.

కోపం వచ్చిన మనిషి చేతులు ఊరుకోవు. టేబులు మీదున్న పాత ఫోనుని గోటితో గీరుతూ కూర్చున్నాడు. గీరగా గీరగా దాని స్క్రీన్‌గార్డు ఒక మూల లేచింది. సోమసుందరం దానివంక చూశాడు. తలుపు వంక చూశాడు. మెల్లిగా పూర్తిగా ఊడదీసి, ఏ స్క్రీన్‌గార్డూ లేని కొత్త ఫోను మీద అతికించి, రుమాలుతో గట్టిగా అదిమాడు. ఒక మూల చిన్న గాలిబుడగ మిగిలింది. అది ఎంత అదిమినా పోలేదు.

మధ్యాహ్నం తూకం చూద్దురుగాని రమ్మని త్రినాథరావుగారిని పిలిచాడు. పాత ఫోను తొమ్మిది గ్రాములు తరిగింది. కొత్త ఫోను తొమ్మిది గ్రాములు పెరిగింది.

త్రినాథరావుగారి కళ్ళు చెమర్చాయి. ఆయన త్రాసుకి చేతులు జోడించారు. తర్వాత కొత్త ఫోను వంక పరకాయించి చూసి, “ఆ మూలన బుడగవలె కనబడుచున్నదేమి?” అన్నారు.

“పాస్‌కీలండి. కొత్త చోటు కదండీ, ఇంకా సర్దుకుంటున్నాయి.”

“సహజము,” అన్నారు త్రినాథరావుగారు.

ఆ సాయంత్రమే విడుదల ఉత్తర్వు తయారైంది. ఆఖరి నిమిషంలో త్రినాథరావుగారికి ఒక అనుమానం వచ్చింది. సంరక్షకుడు ఒకటి రెండు పాస్‌కీలు ఒంటిమీద దాచుకుని వెళ్ళిపోతే? అందుచేత పూలదండ తీయించి, చెప్పులు విప్పించి, ధాన్యం బస్తాలు తూచే కాటా మీద సోమసుందరాన్ని నిలబెట్టారు. ‘సంరక్షకుడు విడుదల సమయమున అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు ఉన్నాడు’ అని ఉత్తర్వులో రాసి ముద్ర వేశారు. ముద్ర పడుతున్నప్పుడే బస్సు హారన్ వినబడింది. సోమసుందరం చెప్పులు చేత్తో పట్టుకునే పరుగెత్తాడు.

నెమలిపేటలో రోజులు ఎలా గడిచాయో అతనికి తెలియదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి వంట చేసేవారు. మధ్యాహ్నం అతను కేరియరు పట్టుకుని బడికి వెళ్ళేవాడు. హెడ్మాస్టరమ్మ గదిలో బల్ల మీద కాగితాలన్నీ పక్కకి జరిపి, ఎదురెదురుగా కూర్చుని తినేవారు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. హైమవతి వడ్డిస్తూనే ఉండేది. చాలు అనే మాట సోమసుందరం మర్చిపోయాడు. ఇంతకాలం ఆదివారాలు మాత్రమే తెలిసిన మనిషికి మంగళవారం భోజనం కూడా ఇంత రుచిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. ఒకరోజు మజ్జిగ పోసుకుంటూ పోసుకుంటూ ఏడ్చాడు. ఆవిడ ఇంకో ఊరమిరపకాయ వేసింది.

అలాంటి ఒక మధ్యాహ్నం బడి ముందు రెండు జీపులు ఆగాయి. ఒకదాంట్లోంచి అహోబలపతిగారు, ఇంకోదాంట్లోంచి త్రినాథరావుగారు దిగారు.

“సోమసుందరంగారూ!” అహోబలపతిగారు రెండు చేతులూ చాచారు. “పాస్‌కీల ప్రామాణిక బరువు తొమ్మిది గ్రాములని రాష్ట్రమంతటికీ సర్క్యులరు ఇచ్చాము. మీ జిల్లా తప్ప ఒక్క జిల్లా కూడా ఆ బరువు చూపలేకపోయింది. ప్రతిచోటా తరుగు శూన్యము, పెరుగు శూన్యము. సూపరింటెండెంట్లందరికీ తాఖీదులిచ్చాము. సరుకు మాయమైనట్టే గదా! పాస్‌కీలను సశాస్త్రీయంగా తరలించిన ఏకైక వ్యక్తి మీరు. అన్ని జిల్లాలూ తిరిగి మీ చేతులమీదుగా జరిపించాలి.”

“నేను రిటైరయ్యానండి.”

“ఆ విడుదలను రద్దు చేయడమైనది,” అన్నారు త్రినాథరావుగారు. “తాము విడుదలైనట్లు భావించరాదు. రాష్ట్రమంతటా పూర్తయిన పిదప తిరిగి విడుదల.”

సోమసుందరం చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. స్క్రీన్‌గార్డు సంగతి చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే పాస్‌కీలు కదలనట్టే. కదలకపోతే తను విడుదలే కానట్టు. చెప్పకపోతే జీపు ఎక్కాలి. నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఈ గదిలోంచి లేవవలసిందే. అతను దిక్కుతోచక భార్యవంక చూశాడు.

హైమవతి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

“అయ్యా, నాకు తెలియక అడుగుతాను. ఒక వస్తువు ఒకచోట నుంచి ఇంకోచోటికి చేరిందని మీ శాఖలో ఎలా తెలుసుకుంటారు?”

అహోబలపతిగారికి ఈ ప్రశ్న చాలా ఇష్టం. “అక్కడ తగ్గాలి, ఇక్కడ పెరగాలి తల్లీ. నేను రాసిన సూత్రమే.”

“పెరిగితే చేరినట్టేనా?”

“నిస్సందేహంగా.”

“ఏవండీ, ఇలా రండి.”

పిల్లల బరువులు చూసే కాటా వరండాలో ఉంది. సోమసుందరం ఎంగిలి చేత్తోనే దాని మీద నిలబడ్డాడు.

“ఈ కాటాకి ముద్ర ఉందో లేదో చూసుకోండి బాబూ.”

త్రినాథరావుగారు వంగి చూశారు. “ఉన్నది. మా ముద్రే.”

“ఎంత చూపిస్తోందో మీరే చదవండి.”

“అరవై మూడు కిలోల ఆరు వందలు.”

“మీ దగ్గర విడుదలైనప్పుడు అరవై ఒకటీ నాలుగొందలు. మీరు ముద్రేసిన ఉత్తర్వులోనే ఉంది. ఆయన వచ్చేశాక మీ ఆఫీసులో ఒక మనిషి బరువు తగ్గింది. ఇక్కడ ఒక మనిషి బరువు పెరిగింది, పైన రెండు కిలోల రెండొందలు కూడానూ. అయ్యా, మా ఆయన ఇక్కడికి చేరారా, లేదా?”

వరండాలో పిల్లలు గుమిగూడారు. త్రినాథరావుగారు అహోబలపతిగారి మొహంలోకి చూశారు. అహోబలపతిగారు కాటా వంక చూస్తున్నారు. చేరలేదంటే తన సూత్రం తప్పు. సూత్రం తప్పయితే రాష్ట్రమంతటికీ ఇచ్చిన తాఖీదులన్నీ తప్పు. ఆ సర్క్యులరు మీద ఆయన ఫోటో కూడా అచ్చు వేయించుకున్నారు.

“చేరినట్టే,” అన్నారాయన. అంటూనే జేబులోంచి పెన్ను తీసి, హైమవతి తెచ్చిచ్చిన విడుదల ఉత్తర్వు వెనక ‘గమ్యమున చేరినట్లు తూచి ధ్రువీకరించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు.

“కాని సార్,” అన్నారు త్రినాథరావుగారు, “అదనపు రెండు కిలోల రెండు వందల గ్రాములు ఏ జిల్లా స్టాకునుండి వచ్చినవో వివరణ కోరవలసియున్నది.”

“కోరనక్కర్లేదు బాబూ. కాళ్ళు కడుక్కుని కూర్చోండి, మీకే తెలుస్తుంది,” అంది హైమవతి.

ఇంటి నుంచి గిన్నెలన్నీ తెప్పించాక నలుగురూ కూర్చున్నారు. గోంగూర మూడోసారి వడ్డించినప్పుడు త్రినాథరావుగారు ఆఫీసు భాష మర్చిపోయి, “ఇంకాస్త వెయ్యండమ్మా,” అన్నారు. అహోబలపతిగారు కంచంలోంచి తలెత్తలేదు. పెరుగన్నం అయ్యాక లేచి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని, కాటా ఉన్న వరండా వంక ఒకసారి అనుమానంగా చూసి, జీపుని వెనక గేటు దగ్గరికి తెప్పించుకున్నారు.